నీలం గోలీలు

షట్టరు అడుగున బెత్తెడు వెలుతురు, ఆ వెలుతురులో కాళ్ళు. షట్టరు పూర్తిగా కిందికి దిగదు, గని దుమ్ము చేరి పక్క గాడులు బిగుసుకుపోయి రెండేళ్ళయింది, బాగు చేయించాలని అనుకుంటూనే ఈశ్వరరావు ఆ రెండేళ్ళూ గడిపేశాడు, ఇప్పుడు ఆ సందులోంచి ఎటు చూసినా కాళ్ళే, చెప్పుల్లేని ఆడకాళ్ళు, మడమల దాకా ఎర్రదుమ్ము పట్టినవి, కడియాలున్నవి, పగుళ్ళు తేలినవి, ఒక్కొక్క జత ముందుకొచ్చి షట్టరు మీద దెబ్బ వేసి వెనక్కి పోతోంది. దెబ్బ పడినప్పుడల్లా రేకు లోపలికి ఉబ్బి మళ్ళీ సర్దుకుంటోంది, అరల్లో సీసాలు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. మధ్యాహ్నం పన్నెండున్నర. అన్నం ముందు కూర్చుని రెండో ముద్ద నోట పెట్టుకుంటుండగా మొదటి రాయి పడింది, చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చి షట్టరు లాగి లోపలి గడియ వేశాడు, వేళ్ళ మీద పప్పు ఎండిపోయి చర్మాన్ని లాగుతోంది, దాన్ని గోటితో గీక్కుంటూ కౌంటరుకి వీపు ఆనించి నేలమీద కూలబడ్డాడు. యాభై రెండేళ్ళ మనిషి, ఈ క్యాంపు బజారు పుట్టినప్పటి నుంచి మందుల కొట్టు నడుపుతున్న మనిషి, నేలమీద కూర్చుని కాళ్ళు చూస్తున్నాడు.

కాళ్ళను బట్టి మనుషుల్ని పోల్చుకోగలడు. కౌంటరు మీద వంగి కట్లు కట్టిన ఏళ్ళు తక్కువేమీ కాదు. అదిగో, ఎడమకాలికి చిటికెన వేలు లేని పాదం, అది రామతులసిది, ఖనిజం మోసే బెల్టు దగ్గర రాళ్ళు ఏరే పనిలో ఉన్నప్పుడు బండ జారి వేలు నుజ్జయింది, వేలాడుతున్న ఆ తునకని తనే కత్తిరించి తీసేశాడు, పదకొండు రోజులు పొద్దున్నే స్పిరిటుతో తుడిచి కట్టు మార్చాడు, ఒక్కసారి కూడా కేక పెట్టలేదు ఆమె, కౌంటరు అంచు పట్టుకుని పళ్ళు బిగించి నిలబడేది, నయమయ్యాక గంపెడు సీతాఫలాలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది. ఆ పాదమే ఇప్పుడు అందరికంటే ముందుంది. వెనక్కి పోవడం లేదు. ఇనప రాడ్డు ఆమె చేతిలోనే ఉందని దెబ్బ బరువును బట్టి తెలుస్తోంది, మిగిలినవాళ్ళవి రాళ్ళూ కర్రలూ, ఆమెది మాత్రం గుండెలో దిగే చప్పుడు.

"సేఠ్, బయటికి రా," అంటోంది రామతులసి. ఆమెకి తెలుగు వచ్చు, ఏటా భద్రాచలం అవతల మిరపతోటల్లో కాయ ఏరడానికి పోయి నేర్చుకున్న తెలుగు. "నిన్ను చంపనీకి రాలే. గోలీలు బయటెయ్యి. మా ముందర కాలవెట్టు. అంతే."

అంతే, అంటోంది. అంతేనా. భోపాలపట్నం నుంచి ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ బజారులో పది తడకల పాకలు తప్ప ఏమీ లేవు, కొండ మీద రెండో గని తెరిచారు, కిరండూల్ రైలు లైను చివరి దాకా కూలీలూ డ్రైవర్లూ వచ్చి పడ్డారు, వరంగల్‌లో చదివిన ఫార్మసీ కాగితం అద్దంలో పెట్టి గోడకి తగిలించి కొట్టు తెరిచాడు, నాన్న బట్టల కొట్లో కూర్చోమంటే కూర్చోలేదు, మనుషులకి పనికొచ్చే వ్యాపారం చేస్తానన్నాడు, అన్నాడు నిజంగానే, ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. ఆ వానాకాలం మలేరియా. మంచాల మీద మోసుకొచ్చేవాళ్ళు, వణికిపోయే పిల్లల నోట్లో మాత్ర నూరి పోసి పొద్దంతా వరండాలో కూర్చునేవాడు, బతికినవాళ్ళు తనని డాక్టర్ సేఠ్ అని పిలిచేవాళ్ళు, అన్నపూర్ణమ్మ ఆ పిలుపు విని తలుపు చాటున నవ్వుకునేది, మా ఆయన డాక్టరంట అని. ఆ మనిషి ఎటు పోయాడు. ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నాడు, ఇదే స్టూలు మీద కూర్చున్నాడు, ఒకనాడు తాతబాబు వచ్చాడు.

తాతబాబు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన టిప్పర్ డ్రైవరు, పగలూ రాత్రీ రెండు డ్యూటీలు చేసేవాడు. నడుం పట్టేసిందండి, ఆ నీలం గోలీ ఉంటే ఇద్దురూ, అన్నాడు. చీటీ ఉండాలి, లేదు, అయినా ఇచ్చాడు. నొప్పికే కదా, నొప్పి మందే కదా. మర్నాడు రెండు అడిగాడు, ఆ వారం చివర ఒక పట్టీ మొత్తం, తరవాత తాతబాబు వెంట ఇంకో నలుగురు, వాళ్ళ వెంట లోడింగు ప్లాంటు వాళ్ళు, నడుం నొప్పి అని చెప్పడం కూడా మానేశారు, వేలితో చూపించేవాళ్ళు, తనూ అడగడం మానేశాడు. దగ్గు మందు సీసాలు కూడా అలాగే. ఇప్పసారాలో ఆ గోలీ పొడి కలుపుకుంటే ఆకలి తెలియదట, అలసట తెలియదట, కొట్టినా తెలియదట, కొట్టించుకున్నా తెలియదట. కొండ వెనక ఊళ్ళకి పాకింది. పొలం దున్నేవాళ్ళు మధ్యాహ్నానికే గట్ల మీద పడి ఉండేవాళ్ళు. సంతలో కోడిపందెం దగ్గర ఒకడు ఇంకొకడి చెవి కొరికి ఉమ్మేశాడు, ఎందుకంటే ఎందుకో వాడికే తెలియదు. కోస అని ఒకడు, పెళ్ళిళ్ళలో డోలు వాయించేవాడు, గోలీలు మింగి విశాఖ పోయే గూడ్సు ఆగి ఉంటే చల్లగా ఉందని చక్రాల మధ్య పడుకున్నాడు. గూడ్సు కదిలింది. కట్టు గుడ్డలు కావాలని పరిగెత్తుకుంటూ వచ్చారు, కొట్లో ఉన్నవన్నీ పట్టుకుపోయి తెగిన కాలికి తనే కట్టాడు, డబ్బు వద్దన్నాడు, ఆ రోజు రాత్రి తన మంచితనం తలుచుకుని సుఖంగా నిద్రపోయాడు కూడా. నేనేమన్నా తోశానా వాణ్ణి పట్టాల మీదికి. నేనేమన్నా నోరు తెరిచి పోశానా.

రేకు మీద ఒక్కసారిగా నాలుగు దెబ్బలు. షట్టరు మధ్యలో పట్టీ ఒకటి విడిపోయి సన్నటి ఎండ కత్తిలాగా లోపలికి వచ్చింది, ఎదుటి అర మీద పడింది, పసిపిల్లల గ్రైపు వాటర్ సీసాల మీద. ఈశ్వరరావు కాళ్ళు దగ్గరికి ముడుచుకున్నాడు. ఇంతకు ముందు మూడుసార్లు వచ్చారు వీళ్ళు. మొదటిసారి చేతులు జోడించుకుని వచ్చారు, పది మందే, మా మగవాళ్ళకి ఇవ్వకు సేఠ్ అన్నారు, ఇవ్వనమ్మా అన్నాడు, సాయంత్రం ఇచ్చాడు. రెండోసారి కొట్టు ముందు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండలో కూర్చున్నారు, ఒక్క కొనుగోలుదారుణ్ణి కూడా రానివ్వలేదు, పసిదానికి జ్వరమని వచ్చిన మనిషికి మాత్రం దారిచ్చారు. మూడోసారి పోలీసు చౌకీకి పోయి కాగితం రాయించారు. జీపు బయలుదేరకముందే హవల్దారు దగ్గరి నుంచి కబురు వచ్చింది, హవల్దారు ఇంట్లో అందరి జబ్బులకీ మందులు ఈ కొట్లోంచే ఊరికే పోతాయి, అట్టపెట్టెలన్నీ ఎత్తి అన్నపూర్ణమ్మ పూజగదిలో, దేవుడి పటాల వెనక చెక్కబల్ల కింద దాచాడు. వచ్చారు, చూశారు, చెప్పులు విప్పి పూజగది గుమ్మంలో దణ్ణం పెట్టుకుని పోయారు. మర్నాడు లేచి చూస్తే అన్నపూర్ణమ్మ పటాలన్నీ వంటింటి గూట్లోకి మార్చేసింది. పెట్టెలు మాత్రం అక్కడే ఉండిపోయాయి, ఆ గదికి ఇప్పుడు పూజగది అన్న పేరొక్కటే మిగిలింది.

కొండ మీద సైరను మోగింది. ఒంటిగంట. బ్లాస్టింగు. సైరను మోగితే బజారులో ఎవరి పనులు వాళ్ళవే, ఎవరూ తలెత్తి చూడరు, కానీ ఇవాళ బయట దెబ్బలు ఆగాయి, ఆడవాళ్ళు ఆగి ఊపిరి పీల్చుకుంటున్నారు కాబోలు, ఆ నిశ్శబ్దంలో కొండ కడుపులోంచి ఢమ్మని ఒక చప్పుడు, నేల అదిరి కౌంటరు అద్దం చిన్నగా మోగింది. ఈ అద్దం. దీని వైపు చూడకూడదని ఆ సోమవారం నుంచి ఇవాళ్టి దాకా, ఈ పద్దెనిమిది రోజులూ ఎలా తప్పించుకున్నాడో తనకే తెలుసు, దాని మీద పాత పత్రిక పరిచాడు, పత్రిక మీద తూకం పెట్టాడు. అయినా దాని చల్లదనం వీపుకి తగులుతూనే ఉంది.

ఆ సోమవారం మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ వేళ, బజారులో కుక్క కూడా లేదు. జోగ వచ్చాడు. రామతులసి అల్లుడు, లోడింగు ప్లాంటు కూలీ, ఆమె ఒక్కగానొక్క కూతురు బుద్రిని చేసుకున్నవాడు, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసే వచ్చి ఇక్కడ పౌడరు డబ్బా కొనుక్కున్నారు. భుజాన గొడ్డలి ఉంది, ఈ అడవిలో గొడ్డలి లేని భుజమెక్కడిది, అందుకని మొదట చూడలేదు. జోగ అద్దం మీద చెయ్యి పెట్టాడు, తీశాక అయిదు వేళ్ళూ అద్దం మీద ఎర్రగా ఉన్నాయి. చొక్కా అంచు, మోచెయ్యి, గడ్డం కింద, అంతా తడి. అప్పుడు చూశాడు గొడ్డలి వైపు. "గోలీ పొయ్యిలేసింది," అన్నాడు జోగ, హిందీలో, ఎవరి గురించో చెబుతున్నట్టు, "పట్టీ మొత్తం పొయ్యిలేసింది. నేను వద్దంటనే ఉన్నా." ఎవరు అని అడిగాడు తను, ఎందుకడిగాడో, తెలుస్తూనే ఉంటే. "బుద్రి. ఇక్కడొకటి పడ్డది, ఇక్కడొకటి." తన భుజం చూపించాడు, తన తొడ చూపించాడు, పాఠం అప్పజెప్పే పిల్లాడిలాగా. "సచ్చిపోలే. మూలుగుతాంది. నాకా మూలుగు వినబుద్ధయితలేదు. ఇంకో పట్టీ ఇయ్యి."

ఇచ్చాడు.

ఇచ్చాడు, అదే మాట, ఎన్నిసార్లు తిప్పి అనుకున్నా అదే మాట. వాడి చేతిలో గొడ్డలి ఉంది కాబట్టి ఇచ్చానని అనుకోవచ్చు, పద్దెనిమిది రోజులుగా అలాగే అనుకుంటున్నాడు, కానీ జోగ గొడ్డలి ఎత్తలేదు, బెదిరించలేదు, వణుకుతూ నిలబడ్డాడంతే, పట్టీ అందుకుని అక్కడే రెండు నమిలి బయటికి పోయాడు. ఆ తరవాతది. ఆ తరవాత టెలిఫోను మోచేతి కిందే ఉంది. గని ఆసుపత్రి రెండు ఫర్లాంగులు, వ్యాను ఎప్పుడూ చెట్టు కింద నిలబడే ఉంటుంది. జోగ పాక ఇంకా దగ్గర, పరిగెత్తక్కరలేదు, నడిచి పోయినా చాలు, తొడ మీద గాయం, పైన గుడ్డ బిగించి కట్టి కర్రముక్క పెట్టి మెలితిప్పితే నెత్తురు ఆగుతుంది, అది తనకి తెలుసు, ఈ బజారులో ఇంకెవరికీ తెలియకపోయినా తనకి తెలుసు, కోసకి అలాగే కట్టాడు, కోస బతికాడు. రిసీవరు మీద చెయ్యి కూడా పెట్టాడు. వ్యాను వస్తే పోలీసులొస్తారు, పోలీసులొస్తే వాడు ఏం మింగాడంటారు, ఎక్కడ కొన్నాడంటారు, నీకెలా తెలిసిందంటారు. చెయ్యి తీసేశాడు. ఎవరో ఒకరు చూస్తారులే అనుకున్నాడు. ఇరుగుపొరుగు ఉంటారులే. ఇరుగుపొరుగు అంతా డ్యూటీలో ఉన్నారని, ఆ వేళ పాకలన్నీ ఖాళీ అని తెలుసు.

పరదా పక్కకి జరిగింది. అన్నపూర్ణమ్మ. "ఏందండి ఆ నెత్తురు? ఎవరిది?" కోడిని కోసి వచ్చి ఉంటాడు లోపలికి పో అన్నాడు. ఆమె పోలేదు. తడిగుడ్డ తెచ్చి అద్దం తుడిచింది, ఒక్కో వేలి గుర్తూ వేరేగా తుడిచింది, గుడ్డ పెరట్లో పిండుకుని వచ్చి మళ్ళీ తుడిచింది. కోడి నెత్తురు అంత ఉండదని ఇరవై ఏళ్ళు వంట చేసిన మనిషికి తెలియదా.

ఆరు గంటలకి డ్యూటీ దిగి రామతులసి కూతురి పాకకి పోయింది. బుద్రి పడ్డచోట లేదు. గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చింది, మట్టి మీద ఆ జాడ ఉంది, గడప మీద చెయ్యి వేసి ఉంది. జోగని పట్టాల పక్కన నిద్రపోతుంటే పట్టుకున్నారు, జగదల్‌పూర్ జైల్లో ఉన్నాడు, వాడికి ఏమీ గుర్తు లేదట. గోలీ ఎక్కడిదని కాగితంలో రాయలేదు హవల్దారు. తల్లి ఏడుపు చూడలేక హవల్దారే, ఒక్క దెబ్బకే స్పృహ పోయిందమ్మా, పాకింది కూడా ఒళ్ళు తెలియకే, పిల్లకి ఏమీ తెలియలేదు అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని బతుకుతోంది రామతులసి. దశదినం నాడు కొట్టుకి వచ్చింది, నిద్ర పట్టడం లేదని కాదు, ఊరికే వచ్చింది, కౌంటరుకి అటు నిలబడి, "ఒక్క దెబ్బకే పోయిందంట సేఠ్, నా బిడ్డకి నొప్పి తెలవలేదంట," అంది. అవునమ్మా అన్నాడు. ఏమీ తెలియదమ్మా అన్నాడు. డాక్టర్ సేఠ్ చెప్పాడు కదా అన్నట్టు తలూపి వెళ్ళిపోయింది.

దెబ్బలు మళ్ళీ మొదలయ్యాయి. షట్టరు పక్క మేకు ఊడి ఎగిరి సీసాకి తగిలింది, ఇంకో పది దెబ్బలకి రేకు నిలవదు. పెరటి వైపు నుంచి పోవచ్చు, గోడ దూకి పట్టాల వెంబడి బచేలి దాకా పోవచ్చు, అన్నపూర్ణమ్మని వదిలేసి పోగలడా, పోగలడు, ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడాలన్న సంగతి కూడా ఆలస్యంగా తోచింది. లేచాడు. పరదా దగ్గర అన్నపూర్ణమ్మ నిలబడి ఉంది. చెంగు నడుముకి దోపుకుంది.

"దొడ్డితలుపు తీసిన," అంది.

"ఏందీ?"

"వాళ్ళకే తీసిన. పూజగది కూడా చూపిచ్చిన."

ఆమె వెనక అప్పటికే జనం. ఈశ్వరరావు వెనక్కి అడుగు వేసేలోగా ఎవరిదో చెయ్యి జుట్టు పట్టుకుంది, కర్ర మోకాలి వెనక పడింది, కింద పడ్డాడు, ఈడ్చుకుపోయారు, పరదా కడ్డీ ఊడి మీద పడింది, వంటింట్లో తను వదిలేసిన అన్నం పళ్ళెం మీదుగానే ఈడ్చారు. పెరడు దాటి సందులోంచి బజారులోకి. ఎండ కళ్ళలో సూదుల్లా గుచ్చుకుంది. మొదటి దెబ్బలు వేరువేరుగా తెలిశాయి, వీపు, భుజం, చెవి, తరవాత అన్నీ కలిసిపోయాయి, నోట్లో ఏదో గట్టిది అడ్డం పడితే ఉమ్మాడు, పన్ను. ఎవరూ అరవడం లేదు, దానికే ఎక్కువ భయమేసింది, వడ్లు దంచుతున్నట్టు వంతులవారీగా కొడుతున్నారు, ఆయాసం తప్ప చప్పుడు లేదు. కోస పెళ్ళాం కొట్టింది. పేరు తెలియని ముసలిది పిడికిలితో కొట్టింది, ఆమె పిడికిలి పిచికలాగా తేలిగ్గా ఉంది. అట్టపెట్టెలు తెచ్చి బోర్లిస్తున్నారు, నీలం గోలీలు ఎర్రదుమ్ములో దొర్లుతున్నాయి, మడమలతో నలుపుతున్నారు, కిరసనాయిలు వాసన, భగ్గుమని మంట, ప్లాస్టిక్కు కాలిన కంపు. రామతులసి రాడ్డు ఎత్తింది. ఎడమ మోచెయ్యి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడు నొప్పి కంటే ముందు వినిపించింది. రెండోసారి ఎత్తింది, ఈసారి తల వైపు చూస్తోంది, అంతలో జీపు హారను.

హవల్దారు లాఠీతో ఆడవాళ్ళని చెదరగొట్టి వచ్చి ఈశ్వరరావుని చంకల కింద పట్టి లేపి అరుగు మీద కూర్చోబెట్టాడు. కానిస్టేబుల్ రామతులసి చేతిలో రాడ్డు లాక్కున్నాడు. "పేర్లు చెప్పండి రావ్ జీ," అన్నాడు హవల్దారు హిందీలో, కాగితం తీసి, గొంతు తగ్గించి, "ఒక్కొక్కరి పేరూ చెప్పండి. గోలీల సంగతి నేను చూసుకుంటా. హత్యాయత్నం రాస్తాను, ఒక్కత్తి కూడా బయటికి రాదు."

"నేనే కొట్టిన," అంది రామతులసి. "మిగిలినోళ్ళని ఇడిసిపెట్టుండ్రి. నా బిడ్డ ఒక్క దెబ్బకి పోయింది. ఈయన ఇన్ని దెబ్బలు తిని కూడా కూసున్నడు చూడు."

ఈశ్వరరావు తలెత్తాడు. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటికి ఆమె కనిపిస్తోంది, వెనక మంట, మంట పక్కన అన్నపూర్ణమ్మ, ఆమె అతని దగ్గరికి రాలేదు, ఆడవాళ్ళతోనే నిలబడి ఉంది. ఒక్క దెబ్బకి పోయింది. ఆ ఒక్క మాటా ఆమెకి మిగిల్చి పేర్లు చెప్పకుండా ఊరుకుంటే చాలదా, అది దయ కాదా, తనకి కూడా అదే మేలు కదా, తనకి మేలయిన ప్రతిదానికీ దయ అనో, నొప్పి మందు అనో, వ్యాపారం అనో ఒక పేరు దొరుకుతూనే వచ్చింది ఇన్నేళ్ళూ. చెయ్యి వేలాడుతోంది. నోట్లో నెత్తురు ఉమ్మాడు.

"ముందు నాది రాయండి," అన్నాడు.

"మీదేం రాసేది రావ్ జీ, మీరు ఊరుకోండి."

"రాయండి. బుద్రి చనిపోయిన సోమవారం మూడు గంటలకి జోగ కొట్టుకొచ్చాడు. చేతుల నిండా నెత్తురు. పెళ్ళాన్ని నరికానని చెప్పాడు, ఇంకా బతికే ఉందని చెప్పాడు. నేను గోలీలిచ్చి పంపించాను. ఎవరికీ చెప్పలేదు. ఫోను పక్కనే ఉంది, చెయ్యలేదు."

హవల్దారు పెన్ను కదలలేదు. హిందీ తెలియని ఇద్దరు ముగ్గురు పక్కవాళ్ళని ఏమన్నాడని అడుగుతున్నారు, చెప్పేవాళ్ళు లేరు. రామతులసి కానిస్టేబుల్ చెయ్యి విడిపించుకుని ముందుకొచ్చింది, అతనూ పట్టుకోలేదు. అరుగు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది, కాలి కట్టు మార్పించుకోవడానికి వచ్చిన రోజుల్లో ఎంత దగ్గరగా నిలబడేదో అంత దగ్గరగా.

"నువ్వు దవా తెలిసినోడివి సేఠ్," అంది. గొంతులో కోపం లేదు. "నాకు సరిగ్గ చెప్పు. నువ్వప్పుడే పోయుంటే నా బిడ్డ బతుకునా?"

అన్నపూర్ణమ్మ మొహం అటు తిప్పుకుంది. కొండ మీద రెండోసారి సైరను మోగి ఆగింది. రామతులసి కళ్ళు అతని పెదాల మీదే ఉన్నాయి.

"బతికేది," అన్నాడు.